భయపెడుతున్నది కొత్త చట్టమా, పాత బాకీయా?

పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమెకు 41 ఏళ్లు. తండ్రి పెట్టిన అట్టపెట్టెల తయారీ యూనిట్‌ను, ఆయనకు పక్షవాతం వచ్చాక రెండేళ్లుగా ఆమే నడుపుతున్నారు. 34 మంది పనిచేస్తారు. వాళ్లలో 11 మంది ఆడవాళ్లు. మెషిన్లన్నీ కరెంటు మీద నడిచేవే. తండ్రి కాలం నుంచి లెక్కలు చూస్తున్న పెద్దాయన్ని ఆమె బాబాయ్ అంటారు. సీజన్‌లో నాలుగు నెలలు మెషిన్ల మీద ఉండే 12 మంది నెలకు ఇరవై గంటల దాకా ఎక్కువ పని చేస్తారు. ఆ గంటలకు మామూలు రేటు కట్టి నగదు ఇస్తారు. హాజరు పుస్తకంలో అది కనిపించదు. అసలు గంటలు బాబాయ్ దగ్గర వేరే నోటుబుక్కులో ఉంటాయి. పీఎఫ్ 26 మందికే ఉంది. మిగతా ఎనిమిది మంది 'రోజు కూలీలు' అని బాబాయ్ లెక్క.

ఎనిమిదేళ్లు పనిచేసిన ఒక మెషిన్ ఆపరేటర్ మూడు వారాల క్రితం మానేశాడు. 'రెండు రోజుల్లో నా లెక్క తేల్చాలట కదమ్మా' అని అడిగాడు. 'అడ్వాన్సు బాకీ ఉంది, వచ్చే నెల చూద్దాం' అని బాబాయ్ పంపేశారు. తర్వాత రెండు వారాలకే కార్మిక శాఖ నుంచి నోటీసు వచ్చింది. ఏడాది హాజరు, జీతాల రిజిస్టర్లు పదిహేను రోజుల్లో చూపించాలని అందులో ఉంది. ఆరు రోజులు గడిచిపోయాయి. రిటర్నులు వేసే కన్సల్టెంటు 'ఖాళీ రిజిస్టర్ల మీద సంతకాలు పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా' అన్నాడు. తమ్ముడేమో సగం మందిని కాంట్రాక్టరు కిందికి మార్చేద్దామంటున్నాడు. 'ముప్పై ఏళ్లుగా ఇలాగే నడిచింది, ఎవరూ అడగలేదు' అంటున్నారు బాబాయ్.

ఆమె చివర్లో ఇలా రాశారు. 'రోజుకో కొత్త రూలు వాట్సాప్‌లో వస్తోంది. ఏది నిజమో తెలియదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. చట్టాలు ఇలా మారుతూ ఉంటే నాలాంటి చిన్న యజమాని ఎలా అందుకోవాలి? పాతవన్నీ తవ్వుకోవాలా, ఇప్పటి నుంచి సరిగ్గా ఉంటే చాలా?'

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. టెన్షన్ అంతా కొత్త చట్టాల వల్లేనని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించలేదు. మీరు రాసిన కష్టాలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే సగానికి పైగా పాతవే. కొత్త చట్టం వాటిని వెలుగులోకి తెచ్చింది, అంతే. ఈ తేడా ముందు స్పష్టం కావాలి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు.

ఓటీ, అంటే అదనపు గంటల పని సంగతే తీసుకోండి. ఎక్కువ గంటలు పనిచేయిస్తే రెట్టింపు రేటు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. వారానికి 48 గంటల పరిమితి కూడా అందులోదే. రోజు కూలీకి పీఎఫ్ అక్కర్లేదన్నది ఎప్పుడూ నిజం కాదు. పనిలో చేరిన రోజు నుంచే అర్హత ఉంటుంది. పదిమందీ, అంతకు పైనా ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలన్నది 2013 చట్టం. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. అంటే లేదనే అనుకుంటున్నాను. ఇవేవీ నిన్న మొన్న వచ్చినవి కావు. మీ నాన్నగారి కాలంలో ఎవరూ అడగకపోవడం వేరు, చట్టం లేకపోవడం వేరు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఈ లెక్కలన్నీ మీకు వారసత్వంగా వచ్చాయి. కానీ ఈరోజు యజమాని సంతకం మీది.

ఇక నిజంగా కొత్తవి. 29 కేంద్ర కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా, అంటే నాలుగు పెద్ద చట్టాలుగా కలిపారు. వేతనాల కోడ్‌కు 2019 ఆగస్టులో, మిగిలిన మూడింటికి, అంటే పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత కోడ్‌లకు, 2020 సెప్టెంబరులో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అమల్లోకి వచ్చింది మాత్రం 2025 నవంబర్ 21న. మధ్యలో ఐదేళ్లు 'వచ్చే నెల ఒకటో తేదీ నుంచి కొత్త చట్టం' అనే మెసేజ్‌లు ఎన్ని తిరిగాయో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆమోదం ఒక తేదీ, అమలు మరో తేదీ. ముసాయిదా నిబంధన ఒకటి, తుది నోటిఫికేషన్ మరొకటి. వాట్సాప్‌లో ఈ నాలుగూ ఒకటే వార్తగా వస్తాయి. ఇకపై ఏ మెసేజ్ వచ్చినా మూడే ప్రశ్నలు వేసుకోండి. ఇది అమల్లోకి వచ్చిందా? కేంద్రానిదా, మా రాష్ట్రానిదా? ఎంతమంది ఉన్న సంస్థకు వర్తిస్తుంది? వీటికి జవాబు లేని మెసేజ్‌ను చూసి నిద్ర పాడుచేసుకోకండి.

మూడో ప్రశ్న మీకు చాలా ముఖ్యం. మీ అంకె 34. కార్మిక చట్టాల్లో చాలా బాధ్యతలు తలల లెక్కను బట్టే వస్తాయి. పదిమంది, అంతకు పైన ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా), అంతర్గత కమిటీ. ఇరవై, అంతకు పైన ఉంటే పీఎఫ్. కరెంటుతో నడిచే యూనిట్ ఫ్యాక్టరీ కిందికి వచ్చేది కూడా కొత్త కోడ్‌లో ఇరవై దగ్గరే. ఇదివరకు అది పది. ఇరవై మంది కార్మికులుంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ కూడా పెట్టాలి. అందులో యాజమాన్యం తరఫున ఎందరో, కార్మికుల తరఫున అందరే ఉండాలి. శిశు సంరక్షణ గది బాధ్యత యాభై దగ్గర మొదలవుతుంది. స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థ ఉద్యోగ నియమాల పత్రం), లేఆఫ్‌కు (తాత్కాలికంగా పని లేకుండా ఆపడానికి) ముందస్తు అనుమతి వంటివి ఇప్పుడు 300 దగ్గరకు వెళ్లాయి. అవి మీకు సంబంధించినవి కావు. మిమ్మల్ని భయపెట్టిన మెసేజ్‌లలో కొన్ని ఈ పెద్ద సంస్థలవే అయి ఉంటాయి.

ఇప్పుడు నోటీసు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి కాబట్టి ముందు దీని గురించే వివరంగా చెబుతాను.

ఖాళీ రిజిస్టర్ల మీద సంతకం పెట్టకండి. మీ ఉత్తరంలో మరేదీ నన్ను ఇంత కంగారు పెట్టలేదు. జీతాల విభాగంలో పనిచేసిన రోజుల్లో ఇలాంటిది ఒకటి కళ్లారా చూశాను. ఒక యూనిట్‌లో ఏడాది హాజరు రెండు రాత్రుల్లో రాసేశారు. పన్నెండు నెలలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. అధికారి దాన్ని పట్టించుకోలేదు. ఈఎస్ఐ ఆసుపత్రిలో పడుకున్న ఒక కార్మికుడికి అదే వారం ఆరు రోజులూ హాజరు వేసి ఉంది. అక్కడ వేలు పెట్టాడు. అప్పటిదాకా అది రికార్డు సరిగ్గా రాయని తప్పు. ఆ క్షణం నుంచి దొంగ రికార్డు పుట్టించిన నేరం. మీ దగ్గర కూడా పీఎఫ్ చలానా, ఈఎస్ఐ సెలవు, బ్యాంకు జమ, కరెంటు బిల్లు ఎక్కడికక్కడ తమ లెక్క తాము చెబుతూనే ఉంటాయి. రాత్రికి రాత్రి రాసిన పుస్తకం వాటన్నిటితో కలవదు.

ఇంకొకటి. వేతనాల కోడ్‌లో జీతం తక్కువ ఇచ్చారని కార్మికుడు క్లెయిమ్ వేస్తే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిది. క్లెయిమ్ వేయడానికి అతనికి మూడేళ్ల గడువుంది. అంటే నగదుగా ఇచ్చి, సంతకం తీసుకోని ఓటీ డబ్బు మీరు నిజంగా ఇచ్చినా కాగితం మీద ఇవ్వనట్టే. బాబాయ్ నోటుబుక్కు మీకు ముప్పు అని మీరు భయపడుతున్నారు. నిజానికి మీరు డబ్బు ఇచ్చారనడానికి మీ దగ్గరున్న ఒకే ఒక్క ఆనవాలు అదే. దాన్ని చింపేయమని ఎవరన్నా వినకండి.

మరి ఏం చేయాలి? ఉన్నది ఉన్నట్టు చూపించడం ఒక దారి. హాజరు పుస్తకం, జీతాల రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, చలానాలు, వాటితోపాటు ఓటీ వేరే రాసుకున్నామని, రేటు తక్కువ పడిందని, బాకీ లెక్క కడుతున్నామని ఒక ఉత్తరం. లెక్క తేలడానికి సమయం కావాలంటే గడువు ముగిసేలోగానే రాతపూర్వకంగా అడగాలి. ఇప్పుడు తనిఖీ అధికారి హోదా పేరే 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. రికార్డుల లోపాల వంటి తప్పులకు కేసు పెట్టే ముందు సరిదిద్దుకోమని రాతపూర్వకంగా గడువు ఇవ్వాలని కోడ్‌లోనే ఉంది. అదే తరహా తప్పు ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే ఆ అవకాశం ఉండదు. అయితే జీతం తక్కువ ఇచ్చిన విషయంలో ఈ వెసులుబాటునే నమ్ముకుని కూర్చోకండి. దానికి మొదటిసారి 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఐదేళ్లలో మళ్లీ జరిగితే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ఆ ఉత్తరంలో వాడే మాటలు కార్మిక చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించాకే పంపండి. రిటర్నులు వేసే కన్సల్టెంటు సలహా దీనికి చాలదు. మీకు ఖాళీ పేజీల సలహా ఇచ్చిన మనిషైతే అసలే వద్దు.

రెండో దారి, అడిగిన రిజిస్టర్లు మాత్రమే ఇచ్చి, ఓటీ మాట ఎత్తకుండా ఊరుకోవడం. చాలామంది ఇదే చేస్తారు. ఈసారి గట్టెక్కవచ్చు కూడా. కానీ మానేసిన ఆపరేటర్ ఫిర్యాదు చేశాడేమో అన్న అనుమానం మీకే ఉంది. అతనికి నోటుబుక్కు సంగతి తెలుసు. మీరు ఇచ్చిన రిజిస్టరులో ఆ గంటలు లేకపోతే, తర్వాత మీరు ఏ లెక్క చెప్పినా నమ్మేవాళ్లు ఉండరు. మొదటి దారిలో డబ్బు ఖర్చవుతుంది, రెండో దారిలో మాట విలువ పోతుంది. నన్నడిగితే మొదటిదే. నిర్ణయం మాత్రం మీది, మీ న్యాయవాదితో మాట్లాడాకే.

ఆ డబ్బు ఎంతో ఒకసారి లెక్కవేద్దాం. అంకె తెలియనంతకాలం భయం పెరుగుతూనే ఉంటుంది. గంటకు రేటు వంద రూపాయలనుకోండి. మీరు ఒక వంద ఇచ్చారు, ఇంకో వంద బాకీ. నెలకు 20 గంటలు, 12 మంది, నాలుగు నెలలు. ఏడాదికి 96,000 రూపాయలు. మూడేళ్లకు 2,88,000. చిన్న మొత్తం కాదు, నిజమే. కానీ యూనిట్ మూతపడేంత మొత్తమూ కాదు. రెండు మూడు విడతల్లో, బ్యాంకు ద్వారా, ఎవరికెంతో కాగితం మీద చూపించి ఇవ్వవచ్చు. డబ్బు తీసుకుని 'ఇకపై ఏమీ అడగను' అని కార్మికుడితో రాయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబుతారు. రావలసిన జీతాన్ని వదులుకుంటున్నట్టు రాసే ఒప్పందం వేతనాల కోడ్ కింద చెల్లదు. లెక్క సరిగ్గా కట్టి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. అంతకు మించి ఏ కాగితమూ మిమ్మల్ని కాపాడదు. అలాగే ఓటీకి మూడు నెలలకు ఇన్ని గంటలే అనే పరిమితి కూడా ఉంటుంది. మీ రాష్ట్రంలో అదెంతో చూసుకుని వచ్చే సీజన్ షిఫ్టులు వేయండి. కార్మికుడి అంగీకారం లేకుండా ఓటీ చేయించకూడదని కొత్త కోడ్ చెబుతోంది. ఆ అంగీకారం కూడా కాగితం మీద ఉండాలి.

'ఇప్పటి నుంచి సరిగ్గా ఉంటే చాలా' అని అడిగారు. ఈ నెల నుంచి ఓటీ రెట్టింపు ఇస్తే, 'మరి పోయిన ఏడాదిది?' అని కార్మికులు అడుగుతారు. అడగాలి కూడా. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే కొత్త మంచే పాత తప్పుకు సాక్ష్యం అవుతుంది. ముందుది సరిచేస్తూనే వెనకదానికి ఒక తేదీ, ఒక పద్ధతి ప్రకటించండి. అంతా ఒకే రోజు ఇవ్వకపోయినా, దాచడం లేదని అందరికీ తెలుస్తుంది.

ఆపరేటర్ విషయం వేరు. అది నిజంగా కొత్త నిబంధనే, అతను అడిగింది సరైనదే. రాజీనామా అయినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అది దాటిపోయింది. ఇంకా ఆలస్యం చేయకండి. గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల తరబడి చేసిన పనికి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తానికి, విడిగా 30 రోజుల గడువుంది. అదింకా చేతిలో ఉంది. ఎనిమిదేళ్లు చేశాడు కాబట్టి అర్హత గురించి సందేహం లేదు.

ఎంత ఇవ్వాలన్నది మాత్రం మీ బాబాయ్ వేసే లెక్క కాదు. మీరు పంపిన అతని పే స్లిప్ చూశాను. మొత్తం 24,000. బేసిక్ 8,000, ఇంటి అద్దె అలవెన్సు 9,000, రవాణా అలవెన్సు 7,000. పాత అలవాటు ప్రకారం 8,000 మీద లెక్క కడితే ఏడాదికి 15 రోజుల జీతం, అంటే నెల జీతంలో 26లో 15 వంతులు, చొప్పున ఎనిమిదేళ్లకు 36,923 రూపాయలు. ఇప్పుడు 'వేతనం' అన్న మాటకు నాలుగు కోడ్‌లలోనూ ఒకే అర్థం. మినహాయింపు ఉన్న అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలపాలి. మీ స్లిప్‌లో అలవెన్సులు 16,000. సగం 12,000. దాటినది 4,000. కాబట్టి వేతనం 12,000 అయింది. దాని మీద గ్రాట్యుటీ 55,385. తేడా 18 వేల పైచిలుకు. పీఎఫ్‌లో కూడా ఇదే లెక్కన నెలకు 960 కాస్తా 1,440 అవుతుంది. మీ వైపు నుంచి 480 పెరుగుతుంది, కార్మికుడి చేతికొచ్చేది 480 తగ్గుతుంది. జీతాల రోజున ఈ కోత చూసి గొడవ కాకముందే, ముందు నెలలోనే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. ఆ డబ్బు ఎక్కడికీ పోలేదని, మీ వాటాతో కలిపి వాళ్ల ఖాతాలోకే వెళ్లిందని పాస్‌బుక్ చూపించి చెబితే వాళ్లకు అర్థమవుతుంది. చెప్పకుండా కోస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

ఈ సందర్భంలో 'అయితే అలవెన్సు పేరు మార్చి స్పెషల్ అలవెన్సు అందాం' అనే సలహా కూడా మీదాకా వస్తుంది. మినహాయింపుల జాబితాలో ఆ పేరు లేదు. మార్చితే అది మొత్తంగా వేతనంలోనే కలుస్తుంది. పీఎఫ్ విషయంలో, అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను బేసిక్ నుంచి విడదీసి చూపడం కుదరదని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. పేర్లతో ఆడే ఆటకు కాలం చెల్లి చాలా రోజులైంది.

అతని అడ్వాన్సు మాట. బాకీ ఉన్న జీతంలోంచి పరిమితికి లోబడి కోసుకోవచ్చు. కోతలన్నీ కలిపి ఆ జీతంలో సగం దాటకూడదు. గ్రాట్యుటీ జోలికి మాత్రం వెళ్లకండి. దాన్ని ఆపే హక్కు చాలా కొద్ది సందర్భాల్లోనే ఉంది, అడ్వాన్సు వాటిలోది కాదు. ఇంకా మిగిలితే ఎప్పుడు ఇస్తాడో మాట్లాడుకుని రాసుకోండి.

తమ్ముడి ఆలోచనకు వద్దాం. అతను మీ మంచికే చెబుతున్నాడు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు ఇరవై మంది దగ్గర మొదలయ్యేవి, ఇప్పుడు యాభై. అది చూసే అతను ఈ దారి చూపిస్తున్నట్టున్నాడు. కానీ ఏళ్లుగా మీ దగ్గరే, మీ మెషిన్ మీదే, మీ సూపర్‌వైజర్ కిందే పనిచేస్తున్న మనిషిని రేపటి నుంచి 'కాంట్రాక్టరు మనిషి' అంటే, వివాదం వచ్చినప్పుడు పని ఎవరు చెబుతున్నారు, సెలవు ఎవరిస్తున్నారు అనే చూస్తారు. కాగితం మీద ఎవరి పేరుందని కాదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ భారం మీ మీదికే వస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ కట్టకపోయినా అంతే. పైగా ఇప్పుడున్నవాళ్లను తీసేయాలంటే నెల నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం, అర్హులకు గ్రాట్యుటీ. వీటన్నిటి ఖర్చుకు కాంట్రాక్టరు కమీషన్ కూడా కలిపి చూస్తే ఏం మిగులుతుందో తమ్ముణ్ణే లెక్క కట్టమనండి. సీజన్‌కే మనుషులు కావాలంటే నిర్ణీత కాల ఉద్యోగం అనే మార్గం ఉంది. నాలుగు నెలలకని రాతపూర్వకంగా తీసుకోవచ్చు. కానీ అదే పని చేసే పర్మనెంటు మనిషికిచ్చే జీతం, సౌకర్యాలు వాళ్లకూ ఇవ్వాలి, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా వస్తుంది. చౌక కోసం కాదు, పని అవసరాన్ని బట్టి ఎంచుకోవాల్సిన మార్గం అది.

పీఎఫ్ లేని ఆ ఎనిమిది మంది గురించి ఒక మంచి వార్త ఉంది. నమోదు కాకుండా మిగిలిపోయినవాళ్ల కోసం పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్‌ఓ 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా ఒక నమోదు పథకం పెట్టింది. 2017 జులై 1 నుంచి 2025 అక్టోబర్ 31 మధ్య చేరినవాళ్లను చేర్చవచ్చు. వాళ్ల జీతంలోంచి కోయకపోయి ఉంటే వాళ్ల వాటా మాఫీ. మీ వాటా, వడ్డీ కట్టాలి. అపరాధ రుసుము వంద రూపాయలు మాత్రమే. ఆ గడువులో ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. దాటిపోయి ఉంటే మామూలు పద్ధతిలో వడ్డీ, నష్టపరిహారంతో కట్టాల్సిందే. అయినా మీరే వెళ్లి నమోదు చేయించడం, వాళ్లు వచ్చి పట్టుకోవడం ఒకటి కాదు. ఇంకో మాట. కన్సల్టెంటు కట్టానంటే సరిపోదు, ప్రతి నెలా 15వ తేదీ తర్వాత చలానా మీ చేతికి రావాలి. కార్మికులందరికీ యూఏఎన్ (ఒక్కొక్కరికి ఇచ్చే పీఎఫ్ నంబరు) తెరిచి పాస్‌బుక్ చూసుకోవడం నేర్పించండి. ఒక్కరి ఖాతాలో డబ్బు పడకపోయినా ఆ మర్నాడే మీకు తెలుస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, మారుతూ ఉండేవాటిని ఎలా అందుకోవాలన్నది. దీనికి పెద్ద విభాగం అక్కర్లేదు. నెలకు ఒక పూట చాలు. మీరే కూర్చోండి, ఎవరికీ అప్పగించకండి. కేంద్ర కార్మిక శాఖ, ఈపీఎఫ్‌ఓ, ఈఎస్ఐ కార్పొరేషన్, మీ రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైట్లు తెరిచి ఆ నెల నోటిఫికేషన్లు చూడండి. మీ యూనిట్‌కు ఎక్కువ విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వమే నిబంధనలు పెడుతుంది కాబట్టి నాలుగోది తప్పక చూడాలి. కోడ్‌లు అమలైనా, వాటికి విరుద్ధంగా లేని పాత నిబంధనలు కొత్తవి వచ్చేదాకా కొనసాగుతాయి. అందుకే 'పాతది రద్దయింది' అన్న మాట విని ఏ రిజిస్టరూ ఆపేయకండి. చాలా రాష్ట్రాల్లో కనీస వేతనంలోని కరువు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. ఆ రెండు తేదీలూ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. కనీస వేతనం కంటే ఎవరికైనా తక్కువ పడుతోందేమో ఆ రోజు తప్పనిసరిగా చూడాలి. ఏదైనా మార్పు మీకు వర్తిస్తే, ఏ తేదీన తెలిసింది, ఏం మార్చారు, ఎవరికి చెప్పారు అని ఒక పుస్తకంలో నాలుగు లైన్లు రాయండి. రేపు ఎవరైనా అడిగితే మీరు నిర్లక్ష్యం చేయలేదని ఆ పుస్తకం చెబుతుంది.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు కూడా, ఇదివరకు ఇవ్వకపోయి ఉంటే, వృత్తి భద్రత కోడ్ అమలైన మూడు నెలల్లోగా అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. మీ దగ్గర ఎవరికీ లేవని రాశారు. గడువు సంగతి ఎలా ఉన్నా వెంటనే ఇవ్వండి. హోదా, జీతం, పని గంటలు అందులో ఉంటాయి కాబట్టి మీ ఇద్దరి మధ్య ఏముందో తొలిసారి కాగితం మీదికి వస్తుంది. అంతర్గత కమిటీ కూడా ఈ నెలలోనే వేయండి. అధ్యక్షత సీనియర్ మహిళా ఉద్యోగిదే కావాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఒకరు బయటి నుంచి రావాలి. 'మన దగ్గర అలాంటివి లేవు' అని బాబాయ్ అంటారేమో. ఆ 11 మందిలో ఎవరైనా చెప్పుకోవడానికి ఇప్పటిదాకా ఒక చోటు ఉందా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

బాబాయ్ గురించి మీరు రాసిన వాక్యం నన్ను ఆపేసింది. 'ఆయన్ని మారమంటే నాన్నను తప్పుపట్టినట్టు ఉంటుంది' అన్నారు. ఆయన దొంగ కాదమ్మా. ప్రతి గంటా ఒక నోటుబుక్కులో రాసి పెట్టిన మనిషి. దాచాలనుకునేవాడు రాసి పెట్టుకోడు. ఆ రోజుల్లో ఆయనకు నేర్పిన పద్ధతి అది. 'ఇదంతా తప్పు' అని మొదలుపెట్టకండి. 'బాబాయ్, మీ నోటుబుక్కులో ఉన్నదే ఇకపై రిజిస్టరులోకి రావాలి, మీకు తప్ప ఎవరికీ తెలియదు, సాయం చేయండి' అనండి. పుస్తకం ఒక్కటే ఉన్న ఆఫీసులో ఆయనకూ తేలికవుతుంది. వినకపోతే, హాజరు మాత్రం మీరే హాజరు నమోదు చేసే మెషిన్ మీదికి మార్చండి. గౌరవం కోసం జీతాల లెక్క తప్పుగా ఉంచడం ఆ 34 ఇళ్లకు న్యాయం కాదు.

ఇంత చదివాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, రేపు పొద్దున్న న్యాయవాది దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. తర్వాత ఆ ఆపరేటర్‌కు మీరే ఫోన్ చేయండి. 'ఆలస్యమైంది, నాది తప్పు. రా, లెక్క చూసుకుందాం' అనండి. అతను వచ్చినప్పుడు బాబాయ్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. నోటుబుక్కు తెచ్చి, ముగ్గురికీ కనిపించేలా బల్ల మీద తెరిచి పెట్టమనండి.